ఒండ్రులో గొయ్యి

గొయ్యి మూడోసారి కూడా కూలింది.

మొల లోతు దిగగానే అడుగున నీళ్ళు ఊరాయి. నీళ్ళు ఊరిన చోట గోడ మెత్తబడి, లోపలినుంచి ఎవరో నెట్టినట్టు ముందుకొచ్చి, చప్పుడు లేకుండా జారింది. చప్పుడు చేసినా బాగుండేది. పెళ్ళలు విరిగిపడితే మనిషికి కోపమొస్తుంది, తిట్టుకుంటూ మళ్ళీ మొదలుపెడతాడు. ఇది అట్లా కాదు. జావలో గరిటె తిప్పి తీస్తే గుంట ఎట్లా మూసుకుంటుందో అట్లా మూసుకుంది. తవ్విన కుర్రాళ్ళు నడుముల దాకా బురదతో పైకొచ్చి, ఒకరి మొహం ఒకరు చూడకుండా కూర్చున్నారు.

హన్నమ్మ ఎడంగా నిలబడి చూసింది. ఆ గోతిలో దించాల్సింది ఆమె మొగుడు దానయ్యను.

దానయ్య నిన్న పొద్దున పోయాడు. వరద తీశాక బడిలో తలదాచుకున్న పేటంతా ఇళ్ళకు తిరిగొచ్చింది. ఇంట్లో మంచం కోళ్ళు మునిగేంత ఒండ్రు. దానయ్య దాన్ని పారతో వాకిట్లోకి ఎత్తిపోసి ఎత్తిపోసి, "కాసేపు ఆగుతానే" అని గోడకు ఆనుకుని కూర్చున్నాడు. హన్నమ్మ మంచినీళ్ళు తెచ్చేసరికి మనిషి లేడు. నరసరావుపేట ఆసుపత్రిలో నర్సుగా చేస్తున్న కూతురు షారోన్ సాయంత్రానికి చేరింది. నాడి చూడాల్సిన పని లేదని తెలిసి కూడా తండ్రి మణికట్టు పట్టుకుని చానాసేపు వదల్లేదు. కరెంటు స్తంభాలు పడిపోయి ఉన్నాయి కాబట్టి ఫ్రీజరు పెట్టె తెచ్చినా పనికిరాదు. సత్తెనపల్లి నుంచి ఆటోలో ఐసు దిమ్మలు తెచ్చి, ఊక కప్పి, దానయ్యను వాటి మధ్య పడుకోబెట్టారు. ఇవాళ పొద్దుగూకేలోపు భూస్థాపన జరగాలి. అంతకన్నా ఆగే వీల్లేదు.

ఈ ఏటిపేట కృష్ణ ఒడ్డున, అచ్చంపేట దాటాక వస్తుంది. ఊరు మెరక మీద ఉంటుంది. పేట పల్లంలో ఉంటుంది. పేటవాళ్ళ సమాధుల తోట పేటకన్నా పల్లంలో ఉంటుంది. ఎవరు ఎక్కడ ఉండాలో పూర్వం నిర్ణయించినవాళ్ళకు వరద ఎక్కడిదాకా వస్తుందో బాగా తెలుసు.

మట్టి మాత్రం మంచిది. మంచిది అంటే మామూలు మంచి కాదు. దోసిట్లోకి తీసుకుంటే జల్లెడ పట్టిన పిండిలా ఉంటుంది, ఒక్క రాయి తగలదు. వరద తీసిన తడి ఆరకముందే పశువుల మేతకు పిల్లిపెసర గింజలు చల్లితే చాలు, దున్నాల్సిన పని లేదు, ఎరువు వెయ్యాల్సిన పని లేదు. పైన ఎండ మాడుస్తున్నా జానెడు కింద చెమ్మ నిలబెట్టుకుంటుంది. ఏ కొండల్ని, ఎవరి చేలను గీక్కొచ్చిందో ఏరు, ఆ సారమంతా ఇక్కడ దించిపోతుంది. మనిషిని బతికించడానికి ఇంతకన్నా మంచి నేల ఈ చుట్టుపక్కల లేదు. కానీ దానికి పట్టు లేదు. ఎండితే పక్కు కట్టి, బీటలు వారి, గాలికి దుమ్ములా లేస్తుంది. తడిస్తే పారుతుంది. పట్టు లేని నేలలో గోడ నిలవదు, గుంజ నిలవదు, గొయ్యి నిలవదు.

మామూలు రోజుల్లో ఆ తోటలో గొయ్యి తవ్వడం తేలికే. ఎండాకాలం పోయినవాడు అదృష్టవంతుడని పేటలో నవ్వుకుంటారు కూడా. సమాధి మీద గుర్తుకు పిల్లిపెసర చల్లుతారు. అది మొలిచి పచ్చగా ఉన్నన్నాళ్ళు ఫలానావాళ్ళు ఇక్కడ అని తెలుస్తుంది. తర్వాత ఏరు పొర్లుతుంది, మోకాటి లోతు ఒండ్రు పరుస్తుంది, కొయ్య సిలువలు తలదాకా మునుగుతాయి. ఆ తర్వాతి వరదకు ఆ తలలూ ఉండవు. అంతా చదును.

హన్నమ్మ తొలి కొడుకు అక్కడే ఉన్నాడు. పురిట్లోనే పోయాడు. ప్రతి ఏడూ ఈస్టరుకు కొవ్వొత్తి పట్టుకుని వచ్చేది. ఒక ఏడు కొవ్వొత్తి వెలిగించి ఏడుస్తుంటే, పక్కింటి మహాలక్ష్మమ్మ వచ్చి, "ఒదినా, ఇది మా అత్త కదా" అంది. ఇద్దరూ అటూ ఇటూ చూశారు. చెప్పడానికి ఒక్క ఆనవాలు లేదు. అప్పటినుంచి హన్నమ్మ కొవ్వొత్తి ఎక్కడ పడితే అక్కడ పెట్టి, అందరికీ కలిపి ప్రార్థన చేసుకుని వచ్చేది. ఆ వెతుకులాట మొగుడి విషయంలో పడదల్చుకోలేదు. ఆమె అడిగింది ఒక్కటే. ఆయన ఎక్కడున్నాడో తనకు తెలియాలి. రేపూ ఎల్లుండీ వెళ్ళి చూసే చోటు కావాలి.

"ఇట్టా చేత్తో తవ్వితే కాదు" అన్నాడు రాజశేఖర్. దానయ్య తమ్ముడు. కూలీల సంఘంలో తిరుగుతాడు, మెడలో ఎర్ర కండువా ఎప్పుడూ తీయడు. "జేసీబీ తెప్పించా. నీళ్ళు ఊరేలోపు ఒక్క దెబ్బకు తీసెయ్యొచ్చు."

జేసీబీ చాంద్ బాషాది. అతను బండి గట్టు మీద ఆపి దిగాడు, చెప్పులు విప్పి ఎండిన పక్కు మీద నాలుగు అడుగులు నడిచాడు. పెంకుల్లా విడిపోయి అంచులు పైకి లేచిన మట్టి కాలి కింద కరకరలాడింది.

"అన్నా, పైన అప్పడం, కింద పాయసం. బండి దిగదు."

"రెండ్రోజుల నుంచి మాడ్చి పడేస్తోంది ఎండ. ఇంకా పాయసం ఏందిరా?"

"నా బండన్నా అది."

"మా అన్న శవంరా అక్కడ."

చాంద్ బాషా బండెక్కాడు. ముందు చక్రాలు బాగానే వెళ్ళాయి. కుర్రాళ్ళు ఈల కూడా వేశారు. వెనక చక్రాలు వచ్చాక నేల ఒక్కసారి వణికింది. ఈగలు వాలిన గేదె చర్మంలా బండి చుట్టూ మట్టి కదిలింది, పక్కు పగిలి బూడిదరంగు బురద పైకి ఉబికింది. ఇంజను ఎంత గట్టిగా అరిస్తే బండి అంతగా దిగింది. ఇరుసుల దాకా దిగాక చాంద్ బాషా తాళం తిప్పేశాడు.

"చెప్పా" అన్నాడు.

"చెప్పావులే" అన్నాడు రాజశేఖర్.

అప్పటికి గోపాలకృష్ణయ్య వచ్చాడు. ఊళ్ళో పెద్ద రైతు. పేటకూ ఊరికీ మధ్యనున్న రేగడి దిబ్బ ఆయన సాగులో ఉంది. ఏ వరదా ఎక్కని మెరక అది. ఈ ఏడు మిరప వేశాడు. ఆయన తండ్రి కాలం నుంచీ వాళ్ళే దున్నుతున్నారు కాబట్టి అది వాళ్ళదేనని ఊరంతా అనుకుంటుంది. నిజానికి అది పోరంబోకు. ఆ సంగతీ ఊరంతటికీ తెలుసు.

మోటారు సైకిలు దిగి, పంచె ఎగ్గట్టుకుని, దిగబడిన జేసీబీని చూసి తల అడ్డంగా ఊపాడు.

"దానయ్య చిన్నప్పటినుంచి నా దగ్గర చేసినోడు. వాణ్ణి ఇట్టా బురదలో తొక్కుతుంటే చూస్తా ఊరుకుంటానా? హన్నమ్మా, తీసకపోయి దిబ్బ మీద పెట్టుకోండి. మిరప తొక్కకుండా, ఆ తుమ్మల పక్కన."

జనం ఊపిరి పీల్చుకున్నారు. పాస్టరు గారు రెండు చేతులూ ఎత్తి ఆయన్ని దీవించారు. హన్నమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముందుకు వచ్చి దణ్ణం పెట్టబోయింది.

"అయితే ఒక్క మాట" అన్నాడు గోపాలకృష్ణయ్య. "సిలువా గిలువా పాతొద్దు. సిమెంటు పని వద్దు. మన్ను కుప్ప పొయ్యొద్దు. సాపు చేసి వెళ్ళిపోండి. ఇయ్యాల ఒకటి కనపడిందంటే రేపు ఇది శ్మశానం అంటారు మీవాళ్ళు."

హన్నమ్మ చేతులు మధ్యలో ఆగాయి. "దాని మీద దున్నుతారా అయ్యా?"

"దున్నక? ఊరికే వదిలేస్తానా? అంత లోతున ఉన్నోడికి నాగలి తగులుద్దా ఏంది?" అన్నాడు. తర్వాత కాస్త మెత్తగా, "ఇక్కడ మాత్రం ఏమన్నా మిగుల్తోందా మీకు? ఏరొస్తే అంతా సాపే కదే" అన్నాడు.

మాట తప్పు కాదు. అందుకే అది హన్నమ్మకు ఎక్కడో లోపల తగిలింది. కొంగు దులిపి నడుముకు చెక్కుకుంది.

"ఏరు చెరిపితే ఏరు చెరిపింది అయ్యా. దానికి మావోళ్ళని తెలవదు, మీవోళ్ళని తెలవదు. పోయినసారి ఏటి ఒడ్డునున్న మీ మోటారు షెడ్డు కూడా ఎత్తుకపోయింది. మీరట్టా కాదు. ఎవురున్నారో తెలిసి తెలిసి చెరుపుతారు."

"నోరు పెద్దదైందే నీకు."

"మా ఆయన మీద మీ నాగలి నడుస్తుంటే, ఆ చేలోకి కలుపు తియ్యడానికి నేనే రావాల. ఏ సాల్లో ఉన్నాడో చూసుకుంటా నడవమంటారా?"

గోపాలకృష్ణయ్య మొహం ఎర్రబడింది. తన దయను ఇట్లా తిరగేసి చూపిస్తారని ఆయన అనుకోలేదు.

"దిక్కులేకుండా ఉన్నారని దిబ్బ ఇస్తానంటే..."

"నీ దిబ్బేంది?" అన్నాడు రాజశేఖర్. ఆయన్ని నువ్వు అనడం పేటలో ఎవరూ వినలేదు. "సర్కారు భూమి అది. నువ్విచ్చేదేంది?"

"అట్టనా? అయితే సర్కారునే పిలువు. పోలీసులొస్తారు, సర్వేయరొస్తాడు, కొలుస్తాడు. తేలేదాకా గడ్డపార పెట్టొద్దంటారు. అందాకా శవాన్నేం చేసుకుంటావో చేసుకో." బండి స్టార్టు చేసుకుని వెళ్ళిపోయాడు. బెదిరింపు కాదు. జరగబోయేదే చెప్పాడు.

రాజశేఖర్ కండువాతో మొహం తుడుచుకుని వదిన దగ్గరికి వచ్చాడు.

"వదినా, మోద్దాం పా. దిబ్బ మీద పెడదాం. ఎవడాపుతాడో చూద్దాం. ఆపితే రోడ్డు మీద కూర్చుందాం. పేటంతా కూర్చుంటది. శవం ఎదురుగా ఉంటేనే ఈళ్ళు మన మాట వింటారు. మట్టిలో పెట్టాక అర్జీ పట్టుకుని తిరిగితే కుక్క కూడా చూడదు. నేను ఎన్ని చూళ్ళేదు!"

"నువ్వు చెప్పేది అబద్ధం కాదు నాయనా."

"మరింకేంది?"

షారోన్ అప్పుడే ఇంటి దగ్గర్నుంచి వచ్చింది. బాబాయి చెయ్యి పట్టుకుంది. నర్సులు రోగి బంధువులతో మాట్లాడే గొంతుతో మొదలుపెట్టింది. "ఐసు కరిగిపోయింది బాబాయ్. ఇంకో దిమ్మ దొరికినా లాభం లేదు. రేపటిదాకా బాడీ ఆగదు." అక్కడికి ఆ గొంతు అయిపోయింది. "నాన్న ఆగడు బాబాయ్."

హన్నమ్మ మరిది భుజం మీద చెయ్యేసింది.

"మీ అన్న బతికున్నన్నాళ్ళు ఒకళ్ళ వాకిట్లో నిలబడ్డాడురా. కూలికి నిలబడ్డాడు, అప్పుకు నిలబడ్డాడు. చచ్చాక కూడా నిలబెడతావా? నేను పడుకోబెడతా."

"ఎక్కడ వదినా? ఎక్కడ?"

"ఏటి అంచున. మనం పిల్లిపెసర చల్లుకునే మళ్ళో."

రాజశేఖర్ ఆమె మొహంలోకి చూశాడు. పేటలో పుట్టినవాడికి ఆ మాట అర్థం కావడానికి వివరం అక్కర్లేదు. ఏరు పొర్లినప్పుడు బరువును ముందే దించుకుంటుంది. ఇసుకను ఒడ్డునే పడేసి, తేలికైన పిండిని లోపలి పల్లానికి మోసుకుపోతుంది. అందుకే నీటిని ఆనుకున్న అంచే ఎత్తుగా ఉంటుంది, అక్కడే నీళ్ళు తొందరగా ఇంకుతాయి, అక్కడే ఇవాళ గొయ్యి నిలుస్తుంది. ఏరు కోసుకుపోయేది కూడా మొట్టమొదట ఆ అంచునే.

"ఆడ పెడితే వచ్చే వరదకు తీసకపోద్ది."

"తెలుసు."

"నీకు ఆయన కనపడాలన్నావు కదా."

"అన్నా. దొరకలా." ఏటి వైపు నడిచింది.

ఏటి అంచున గొయ్యి నిలిచింది. పైన ఇసుక, కింద ఒండ్రు, మళ్ళీ ఇసుక. ఒక్కో వరద ఒక్కో పట్టీ వేసినట్టు గోడలో చారలు కనపడ్డాయి. చారకూ చారకూ మధ్య కుళ్ళిన ఆకుల నల్లటి గీత. తవ్వుతున్నంతసేపూ కొద్ది దూరంలో ఒడ్డు పెళ్ళలుగా విరిగి నీళ్ళలో పడుతూనే ఉంది. పడినప్పుడల్లా పారలు ఒక క్షణం ఆగి, మళ్ళీ కదిలాయి. పాస్టరు గారు ప్రార్థన తొందరగా ముగించారు. కూలి పనులకు పోయి కాయలు కాచిన చేతులన్నీ తలో పిడికెడు మన్ను వేశాయి. హన్నమ్మ వంతు వచ్చేసరికి పిడికిట్లోని మన్ను వేళ్ళ సందుల్లోంచి జారిపోయింది. మళ్ళీ వంగి తీసుకుంది.

సూర్యుడు ఏట్లోకి దిగుతుంటే అందరూ ఇళ్ళకు వెళ్ళారు. రాజశేఖర్ మాత్రం వదినతో మాట్లాడకుండా వెళ్ళాడు. ఓడిపోయామని అతని లెక్క.

మర్నాడు చర్చి గంట కొట్టకముందే ఆమె లేచింది. ఇంట్లో ఇంకా పాదం మునిగేంత ఒండ్రు. దాన్ని తియ్యలేదు. దానయ్య పార తీసుకుని, తలకు గుడ్డ చుట్టుకుని బయల్దేరింది. షారోన్ వెనకాల పరిగెత్తింది.

"అమ్మా, ఎక్కడికే?"

"పనుంది."

"మూడో దినం ప్రార్థన కూడా కాలేదు. ఇంట్లో కూర్చోవాలే నువ్వు."

"కూర్చుంటాలే, చానా కాలం."

దిబ్బ ఎక్కి, తుమ్మల పక్కన, మిరప మొక్క ఒక్కటి కూడా తొక్కకుండా నిలబడి పార వేసింది. రేగడి పారను పట్టుకుంది. మొన్నటి వానకు నానిన నల్లమట్టి జిగురులా అంటుకుంటుంది. ఒక్కో పారకూ ఆగి పుల్లతో గీకాలి. ఆరు పారలకే ఆమెకు ఆయాసం వచ్చింది. షారోన్ ఏమీ అడక్కుండా పుల్ల తీసుకుని గీకడం మొదలుపెట్టింది. మహాలక్ష్మమ్మ చూసి వచ్చింది. ఆమె వెనక ఇంకో నలుగురు ఆడవాళ్ళు తట్టలు తెచ్చారు. ఏం చేస్తున్నావని మహాలక్ష్మమ్మ అడిగితే, హన్నమ్మ చెప్పింది. మహాలక్ష్మమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, తర్వాత తట్ట ఎత్తింది.

మోకాటి లోతు దాటాక మట్టి బిగువైంది. పార దింపితే జున్నులా ముక్కలు ముక్కలుగా వచ్చింది. కోసిన చోట గోడ నున్నగా మెరిసింది. నీరు ఊరలేదు. గోడ కదల్లేదు. హన్నమ్మ అరచేత్తో గోడను గట్టిగా నెట్టి చూసింది. చెయ్యి ముద్ర పడింది తప్ప ఒక్క బెడ్డ రాలలేదు. అప్పుడు, మొన్నటినుంచి మొదటిసారి, బయటికి వినపడేట్టు ఏడ్చింది. నిన్న ఈ గోడ ఆయనకు దొరికుంటే ఎట్లా ఉండేది! అందరూ ఆగారు. ఆమె ఏడ్చి, ముక్కు చీది, మళ్ళీ పార పట్టుకుంది.

ఎండ పైకొచ్చేసరికి కబురు ఊళ్ళోకి వెళ్ళింది. గోపాలకృష్ణయ్య వచ్చాడు, కలుపుకు వచ్చిన కూలీలు వచ్చారు. వాళ్ళంతా పేటవాళ్ళే. రాజశేఖర్ కూడా పరిగెత్తుకుంటూ వచ్చాడు, కండువా లేకుండా.

"ఎవరు చచ్చారే మళ్ళీ?" అని అరిచాడు గోపాలకృష్ణయ్య.

హన్నమ్మ గోతిలోంచి తల ఎత్తింది. ఛాతీ దాకా దిగి ఉంది.

"ఎవురూ చావలేదయ్యా. ఇది నాది."

"నీదేంది?"

"నా గొయ్యి. నేను పోతే నన్ను ఇందులో పెడతారు. ఎప్పుడు పోతానో తెలవదు, అప్పుడు వానో వరదో. నిన్నటి మాదిరి తిప్పలు పడొద్దని ముందే తవ్వుకుంటున్నా. మీ మిరపకు ఏం కాలా, చూసుకోండి."

"పిచ్చెక్కిందా నీకు? ఒరేయ్, దీన్ని పైకి లాగండి. పూడ్చండి ఆ గుంట."

కూలీలు నేల చూపులు చూశారు. ఎవరి చేతిలోనూ పార లేదు, కొడవళ్ళున్నాయి. వాటిని కూడా కింద పెట్టారు.

"పూడుస్తారా లేదా?"

"పూడ్చమనండయ్యా" అంది హన్నమ్మ. "నేను పైకి రాను. నేనుండగా పూడిస్తే సరే. గుంట దేనికోసమో ఆ పని అయిపోద్ది."

గోపాలకృష్ణయ్య ఫోను తీశాడు. ఎవరికో చేశాడు. చెప్పడం మొదలుపెట్టి ఆగిపోయాడు. ఏమని చెప్పాలి? శవం లేదు. సమాధి లేదు. సిలువ లేదు. ఒక ముసలామె గోతిలో నిలబడింది. "మళ్ళీ చేస్తా" అని పెట్టేశాడు. కానీ వెళ్ళలేదు. వెళితే పేటంతా ఈ దిబ్బ మీదే గోతులు తవ్వుకుంటుందని ఆయనకు తెలుసు. తుమ్మ చెట్టు నీడలోకి జరిగి, అక్కడే నిలబడ్డాడు. పోలీసులు ఇవాళ కాకపోతే రేపు వస్తారని అక్కడున్న అందరికీ తెలుసు. హన్నమ్మకూ తెలుసు.

ఆమె పార గోడకు ఆనించింది. చీర సర్దుకుని, ముందు కూర్చుని, తర్వాత మెల్లిగా వెల్లకిలా పడుకుంది. షారోన్ "అమ్మా, లేవే, లేవే" అని ఏడుస్తూ అంచు మీద మోకాళ్ళ మీద పడింది. కింద చల్లగా ఉంది. నాలుగు వైపులా నల్లటి గోడలు నిట్టనిలువుగా ఉన్నాయి. పైన ఆకాశం తలుపంత ఉంది. హన్నమ్మ కాళ్ళు చాపబోయింది. మడమలు మట్టికి తగిలి మోకాళ్ళు పైకి లేచాయి.

"రాజా" అని పిలిచింది. "కాళ్ళకాడ ఇంకో జానెడు తియ్యాల."

రాజశేఖర్ గోపాలకృష్ణయ్య వైపు చూడలేదు. చొక్కా విప్పి షారోన్‌కు ఇచ్చి, గోతిలోకి దిగాడు.